1906 నాటి ఆవిరి ట్రాలర్ 1960ల దాకా ఎలా పనిచేసింది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దక్షిణ జార్జియా దీవిలో, గ్రిట్వికెన్ అనే పాత తిమింగలాల వేట కేంద్రంలో, ఒడ్డున తుప్పు పట్టి నిలబడ్డ ‘డయాస్’ అనే ఓడ ఫొటో చూశారు. దాని కింద 1906లో కట్టిన ఆవిరి ట్రాలర్ (వల లాగుతూ చేపలు పట్టే ఓడ) అనీ, 1960ల దాకా వాడారనీ రాసి ఉంది. మీ నాన్నగారి సోనాబోటు (చిన్న మరబోటు) పదిహేనేళ్ళకే మూలపడింది కదా, బొగ్గుతో నడిచే కాలం నాటి ఓడ అన్నేళ్ళు ఎలా లాక్కొచ్చిందని అడిగారు. దాని మీద పని ఎలా ఉండేది, అలాంటివి మన సముద్రంలోకి ఎప్పుడైనా వచ్చాయా, డయాస్‌ను మళ్ళీ నడిపించొచ్చా అని కూడా.

సూటిగా జవాబు చెప్తాను. ఆవిరి ట్రాలర్ ఆయుష్షు బాయిలర్ మీద, బొగ్గు ఖర్చు మీద ఆధారపడి ఉండేది. ఇంజనుదేముంది, చూసుకునేవాడుంటే అది ఎన్నేళ్ళైనా తిరుగుతుంది. ఇక డయాస్ సంగతికొస్తే, అది అంతకాలం బతకడానికి పెద్ద కారణం చిన్న వయసులోనే ట్రాలింగ్ నుంచి బయటపడటం. దానితోపాటు పుట్టిన ట్రాలర్లలో చాలా వాటికి ఆ అదృష్టం పట్టలేదు. కొన్ని మునిగాయి, కొన్ని యుద్ధంలో పోయాయి, మిగతావి పాతిక ముప్పై ఏళ్ళకు పాత ఇనుముకు పోయాయి. కాబట్టి ఆ ఒక్క ఫొటో చూసి ఆవిరి ఓడలన్నీ అంతే గట్టివి అనుకోకండి.

నా సంగతి రెండు ముక్కల్లో. నేను మెరైన్ ఇంజనీరుని, రిటైరయ్యాను. ఉద్యోగం మొదట్లో ఒక రేవులో బొగ్గుతో నడిచే ఆవిరి టగ్గు (పెద్ద ఓడలను లాగే చిన్న ఓడ) మీద జూనియర్‌గా చేశాను. తర్వాతంతా డీజిల్ ఓడలు. చివర్లో విశాఖ చేపలరేవులో మరబోట్ల ఇంజన్లు చూసేవాణ్ణి. ఆవిరి ట్రాలర్ మీద నేను పనిచేయలేదు. అయితే ఇంజన్ రూములో టగ్గుకీ దానికీ పెద్ద తేడా ఉండదు. నిజానికి ఇంగ్లండులో ఆవిరి ట్రాలింగ్ మొదలైందే టగ్గుతో. 1877లో నార్త్ షీల్డ్స్‌లో విలియం పర్డీ అనే ఆయన ‘మెసెంజర్’ అనే చక్రాల టగ్గుకు వల కట్టి లాగి చూశాడు, లాభం వచ్చింది. 1881లో గ్రిమ్స్‌బీ అనే చేపలరేవు కంపెనీ ఒకటి ‘జోడియాక్’ అనే ఓడను ప్రత్యేకంగా ట్రాలింగ్ కోసమే హల్ అనే ఇంగ్లండు రేవు నగరంలో కట్టించింది. ఆ తర్వాత పాతికేళ్ళు తిరక్కుండానే ఆ తీరంలో తెరచాప ట్రాలర్లు దాదాపు మాయమయ్యాయి.

మీరు చూసిన డయాస్ అసలు పేరు ‘వయోలా’. హల్ ఊరికి దగ్గర్లోని బెవర్లీలో, కుక్, వెల్టన్ అండ్ గెమ్మెల్ వాళ్ళ యార్డులో 1906లో నీళ్ళలోకి దిగింది. అక్కడి నది ఇరుకు, అందుకని ఓడను పక్కవాటుగా నీళ్ళలోకి తోసేవాళ్ళు. ఆ తర్వాత హల్‌కు లాక్కెళ్ళి ఇంజను, బాయిలర్ ఎక్కించారు. పొడవు సుమారు 108 అడుగులు. మన చేపలరేవులో నిలబెడితే పెద్దదిగానే కనిపిస్తుంది గానీ, శీతాకాలం ఉత్తర సముద్రంలో అది ఎంత? యజమాని హెల్యర్ కంపెనీ. వాళ్ళు తమ ఓడలకు షేక్‌స్పియర్ నాటకాల్లోని పాత్రల పేర్లు పెట్టేవాళ్ళు.

ఈ ఓడ చేసిన పనిని బాక్సింగ్ ఫ్లీట్ అంటారు. పదుల కొద్దీ ట్రాలర్లు గుంపుగా ఉత్తర సముద్రంలోని డాగర్ బ్యాంక్ అనే లోతు తక్కువ మేట లాంటి చోట వారాల తరబడి ఉండిపోతాయి. ‘అడ్మిరల్’ అని పిలిచే ఒక అనుభవజ్ఞుడైన స్కిప్పర్ (ఓడ నాయకుడు) ఎక్కడ వల వేయాలో, ఎప్పుడు ఎత్తాలో జెండాలతో, రాత్రిళ్ళు రాకెట్లతో చెప్పేవాడు. పట్టిన చేపను పెట్టెల్లో సర్ది, చిన్న తెడ్ల పడవలో పేర్చి, నడిసముద్రంలో కట్టర్ అనే వేగమైన ఆవిరి ఓడ దాకా తెడ్లు వేసుకుంటూ వెళ్ళి ఎక్కించాలి. కట్టర్ దాన్ని లండన్ బిల్లింగ్స్‌గేట్ మార్కెట్‌కు చేరుస్తుంది. ట్రాలర్ మాత్రం అక్కడే ఉంటుంది. అలల మీద ఎగిరిపడే ఆ పడవలో నిలబడి బరువైన పెట్టెలను పెద్ద ఓడ మీదికి అందించడం ఎంత ప్రమాదమో సముద్రం మీద తిరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ పనిలో చాలామంది పోయారు.

1904 అక్టోబరులో ఇలాంటి గుంపు మీదే రష్యా నౌకాదళం కాల్పులు జరిపింది. జపాన్‌తో యుద్ధానికి బయలుదేరిన బాల్టిక్ ఫ్లీట్ అది. రాత్రి చీకట్లో హల్ ట్రాలర్లను జపాన్ టార్పెడో పడవలనుకుంది! ‘క్రేన్’ అనే ట్రాలర్ మునిగింది, మనుషులు చనిపోయారు. అప్పటికి వయోలా ఇంకా పుట్టలేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఇంజను సంగతి. వయోలాలో ఉన్నది ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజను, అంటే మూడు సిలిండర్లు వరసగా ఉంటాయి. బాయిలర్ నుంచి వచ్చిన ఆవిరి ముందు చిన్న సిలిండర్‌ను తోసి, కొంత బలం పోగొట్టుకుని మధ్య సిలిండర్‌కు, అక్కణ్ణుంచి పెద్దదానికి పోతుంది. చివరికి కండెన్సర్‌లో నీరై మళ్ళీ బాయిలర్‌కు చేరుతుంది. తిరిగేది నిమిషానికి వంద చుట్లు, కాస్త అటూ ఇటూ. మీ నాన్నగారి బోటు డీజిల్ ఇంజను నిమిషానికి పదిహేను వందలో, పద్దెనిమిది వందలో తిరిగి ఉంటుంది. అరుగుదలలో తేడా అక్కడే మొదలవుతుంది.

ఇంకో సంగతి, ఆ ఇంజనులో అంతా కళ్ళెదుటే ఉంటుంది. క్రాంకు, కనెక్టింగ్ రాడ్డు, వాల్వు గేరు అన్నీ మూత లేకుండా బయటే తిరుగుతుంటాయి. టగ్గు మీద మాకు నేర్పిన మొదటి పని బేరింగు వేడి చూడటం. క్రాంకు కిందికి దిగి పైకి వస్తుంటే, దాని లయకు చేతిని కలిపి, వెనక్కి తీసేలోపు మునివేళ్ళతో తాకాలి. కొత్తలో గుండె గుబగుబలాడేది, కొన్నాళ్ళకు అలవాటైపోయింది. బేరింగు వదులైతే మధ్యలో పెట్టిన పల్చటి రేకు ఒకటి తీసి బిగిస్తాం. బేరింగు లోపలి పూతగా ఉండే మెత్తటి తెల్లలోహం అరిగిపోతే మళ్ళీ కరిగించి పోసుకుంటాం. ఏ రేవులోనైనా ఒక ఫౌండ్రీ, ఒక లేతు ఉంటే చాలు, స్పేర్లకోసం విదేశానికి రాయక్కర్లేదు. డీజిల్‌లో ఇంజెక్షన్ పంపు పోతే మన మెకానిక్ చేతులెత్తేస్తాడు. ఆవిరి ఇంజనులో అలా చేతులెత్తేయాల్సిన భాగం దాదాపు లేదు.

ట్రాలింగ్‌కు ఆవిరి ఇంకో రకంగానూ బాగా కుదిరింది. వల లాగేటప్పుడు ఓడ మూడు నాట్లకు (గంటకు సుమారు ఐదున్నర కిలోమీటర్లకు) అటూ ఇటూగా, ఒకే వేగంతో, బోలెడు బరువుతో గంటల తరబడి నడవాలి. ఆవిరి ఇంజను తక్కువ చుట్ల మీద కూడా పూర్తి బలంతో లాగుతుంది. వల రాయికి తగులుకుని ఓడ నిలిచిపోయినా, డీజిల్‌లా దగ్గి ఆగిపోదు. వల ఎత్తే వించి కూడా అదే బాయిలర్ ఆవిరితో నడిచేది. వించి లేకుంటే 1890ల నడుమ వచ్చిన పెద్ద ఆటర్ ట్రాల్ వల ఎవరికీ ఉపయోగపడేది కాదు. వల నోరు తెరిచి ఉంచడానికి పాత పద్ధతిలో అడ్డంగా ఒక దూలం ఉండేది. దాని బదులు రెండు పక్కలా రెండు బరువైన బోర్డులు వచ్చాయి. వల పెద్దదైంది, చేప పెరిగింది, బొగ్గు కూడా ఎక్కువ తగలడం మొదలైంది.

అసలు కష్టమంతా బాయిలర్ దగ్గర. కావాలనే దీని మీద కొంచెం ఎక్కువ రాస్తున్నాను. ఆవిరి ఓడల గురించి రాసేవాళ్ళు ఇంజనును పొగిడి దీన్ని వదిలేస్తుంటారు.

ఈ ఓడల్లో ఉండేది స్కాచ్ బాయిలర్. పెద్ద పీపా లాంటి ఉక్కు గుండ్రం, అడుగున ఫర్నేసులు, పైన పొగ గొట్టాలు. చల్లగా ఉన్నదాన్ని ఆవిరి మీదికి తేవాలంటే దాదాపు ఒక రోజు పడుతుంది. తొందరపడి గట్టిగా మంట వేశారో, పైభాగం వేడెక్కి అడుగు చల్లగా ఉండిపోతుంది. ఆ తేడాకు కీళ్ళు వదులై కారడం మొదలవుతుంది. రేవులో ఓడ ఉండేది రెండు మూడు రోజులే కాబట్టి, చాలాసార్లు మంట పూర్తిగా ఆర్పకుండా అణిచి ఉంచేవాళ్ళు.

నీటి బాధ ఇంకోటి. బాయిలర్‌కు మంచినీరే పోయాలి. వించి దగ్గర, గ్లాండ్ల (కదిలే రాడ్ల చుట్టూ ఆవిరిని ఆపే బిగింపుల) దగ్గర ఆవిరి కారుతూ నీరు తరుగుతుంటుంది. ఓడ మీద మంచినీటి నిల్వ కొద్దిపాటి. ఇక తప్పదని ఉప్పునీరు చేరిందంటే, గొట్టాల మీద సున్నంలా పొర కడుతుంది. దాన్ని రేవులో లోపలికి దూరి సుత్తితో కొట్టి రాల్చాలి. సన్నగా ఉన్నవాడికే ఆ పని పడేది, అప్పట్లో నేను సన్నగా ఉండేవాణ్ణి.

చాలామందికి తెలియని ప్రమాదం నూనె. సిలిండర్లలో పోసే నూనె ఎక్కువైతే ఆవిరితో కలిసి కండెన్సర్‌కు, అక్కణ్ణుంచి బాయిలర్‌కు పోతుంది. ఫర్నేసు పైకప్పు మీద పల్చటి పొరలా పట్టుకుంటుంది. నీరు ఉక్కును తాకదు, ఉక్కు ఎర్రబడి మెత్తబడుతుంది, ఆవిరి ఒత్తిడికి కిందికి కుంగుతుంది. మా రేవులోనే ఇంకో టగ్గులో ఇలా జరిగింది. ఇంజను నున్నగా తిరగాలని అక్కడి డ్రైవరు నూనె ధారాళంగా పోసేవాడట. సర్వేకు ఫర్నేసులోకి దిగిన పెద్దాయన కప్పుకు ఒక కొయ్యపట్టీ ఆనించి చూసి, మారు మాట్లాడకుండా బయటికొచ్చి మంట వేయొద్దన్నాడు. ఆ టగ్గు మళ్ళీ కదలడానికి చాలాకాలం పట్టింది. ట్రాలర్ యజమానులకు సరిగ్గా ఇలాంటి రోజే లెక్క చూసుకోవాల్సి వచ్చేది. ఓడ ఒళ్ళు బాగానే ఉంటుంది, ఇంజను బాగానే ఉంటుంది, బాయిలర్ మార్చాలంటే మాత్రం ఓడ విలువలో పెద్ద భాగం పెట్టాలి. చాలా ట్రాలర్ల కథ ముగిసింది ఆ లెక్క దగ్గరే.

ఇక మంట వేసేవాడు, అంటే ఫైర్‌మన్. వయోలా అంత ఓడలో రోజుకు ఐదారు టన్నుల బొగ్గు పారతో వేయాలి. తర్వాత వచ్చిన పెద్ద ఐస్‌లాండ్ ట్రాలర్లకైతే పది టన్నుల దాకా పట్టేది. దూరప్రయాణాలకు బంకర్లు (బొగ్గు గదులు) చాలక చేపల గదిలో కూడా బొగ్గు నింపేవాళ్ళు. చేప పడేలోపు దాన్ని ముందుగా కాల్చేసి, గది కడిగి, ఐసు సర్దేవాళ్ళు. బొగ్గు ఊరికే వేస్తే సరిపోదు. పల్చగా, సమంగా పరవాలి. ఒక్కో డ్యూటీ వంతులో ఒక ఫర్నేసు శుభ్రం చేసి, అడుగున గడ్డకట్టిన క్లింకర్‌ను ఊచలతో పగలగొట్టి లాగాలి. బూడిదను బకెట్లతో పైకి చేర్చి, గాలి వాటం చూసుకుని సముద్రంలో పారబోయాలి. ఓడ పక్కలకు దొర్లుతుండగా ఇదంతా చేయాలి.

పైన డెక్కు మీద జరిగేది కిందివాడికి తెలియకపోతే పని చెడుతుంది. ఆ కాలం ట్రాలర్లు వలను పక్కనుంచి ఎత్తేవి. స్కిప్పర్ ఓడను గాలికి అడ్డంగా తిప్పి ఇంజను ఆపేస్తాడు. అంతవరకు ఆవిరి తాగుతున్న ఇంజను ఒక్కసారిగా ఆగుతుంది, ఒత్తిడి పెరిగి సేఫ్టీ వాల్వు ఊదేయడానికి సిద్ధమవుతుంది. ఆ వెంటనే వించి మొదలై లాగేసుకుంటుంది. వల మళ్ళీ వేయగానే ఇంజనుకు పూర్తి ఆవిరి కావాలి. మంచి ఫైర్‌మన్ పైనుంచి ఆదేశం తెచ్చే టెలిగ్రాఫ్ గంట మోగక ముందే దీన్ని పసిగట్టి మంటను సర్దుకుంటాడు. వల ఎత్తే వేళకు ఫర్నేసు శుభ్రం పెట్టుకున్నవాడు స్కిప్పర్ నోటివెంట ఏం వింటాడో ఇక్కడ రాయలేను.

డెక్కు మనుషుల గురించి క్లుప్తంగానే చెప్తాను, మీకు తెలిసిన పనే. మూడు గంటలు లాగడం, ఎత్తడం, చేపల పొట్టలు చీల్చి కడిగి ఐసులో పేర్చడం, ఈలోపు చిరిగిన వల అల్లడం. ఐస్‌లాండ్, బేరెంట్స్ సముద్రాల్లో చేప బాగా పడుతుంటే పద్దెనిమిది గంటల పని, ఆరు గంటల విశ్రాంతి. మూడు వారాలు సముద్రం, రెండు మూడు రోజులు ఇల్లు. ఆ రెండు మూడు రోజుల్లో డబ్బు ఖర్చుపెట్టే తీరు చూసి హల్‌లో వాళ్ళను ‘మూడు రోజుల లక్షాధికారులు’ అనేవాళ్ళు.

చలిలో ఇంకో శత్రువు మంచు. గాలికి ఎగిరిన నీటి తుంపర తాళ్ళ మీద, స్తంభాల మీద గడ్డకడుతుంది. గొడ్డళ్ళతో కొట్టకపోతే పైబరువు ఎక్కువై ఓడ తిరగబడుతుంది. 1955 జనవరి 26న ఐస్‌లాండ్ ఉత్తరాన ‘లొరెల్లా’, ‘రొడెరీగో’ అనే రెండు హల్ ట్రాలర్లు ఇలాగే పోయాయి. నలభైమందిలో ఒక్కరూ మిగల్లేదు. అవి పాత డొక్కు ఓడలేం కావు, బొగ్గు మానేసి ఆయిల్‌తో మండే బాయిలర్లున్న ఆవిరి ఓడలు. ఓడ గట్టితనం ఒక హద్దు వరకే కాపాడుతుంది.

మళ్ళీ వయోలా దగ్గరికి. 1914లో యుద్ధం రాగానే బ్రిటిష్ నౌకాదళం దాన్ని తీసుకుని తుపాకీ బిగించింది. ట్రాలర్లను నౌకాదళం కోరుకోవడానికి కారణం మీకు అర్థమవుతుంది. వైరు తాళ్ళతో బరువు లాగడం, ఎంత సముద్రంలోనైనా నిలబడటం వాటికి రోజువారీ పని. మందుపాతరలు ఏరడానికి, జలాంతర్గాముల మీద కాపలాకు సరిగ్గా అదే కావాలి. 1918లో రెండు జర్మన్ జలాంతర్గాములు మునగడంలో వయోలాకు పాత్ర ఉంది. యుద్ధం తర్వాత నార్వేవాళ్ళు కొన్నారు, పేరు మారింది. తిమింగలాల వేటకు మార్చి మళ్ళీ ఇంకో పేరు పెట్టారు, అదే డయాస్. 1927లో గ్రిట్వికెన్ నడిపే అర్జెంటీనా కంపెనీ చేతికి వచ్చింది.

అక్కడ దాని పని ఎలిఫెంట్ సీల్స్ వేటగాళ్ళను తీరం వెంట దింపడం, ఒలిచిన కొవ్వును ఫ్యాక్టరీకి చేర్చడం. మధ్యమధ్య పరిశోధక బృందాలను మోయడం, దక్షిణ ఆర్క్‌నీ దీవుల్లోని అర్జెంటీనా వాతావరణ కేంద్రానికి సరుకులు, మనుషులను చేరవేయడం. ఒక ఇంజనీరుగా నా అంచనా ఏమిటంటే, దాన్ని బతికించింది ఈ ఉద్యోగమే. రోజంతా వల బరువు లాగే పని లేదు. పడవ నడిచేది ఏడాదిలో కొన్ని నెలలు. గ్రిట్వికెన్‌లో తిమింగలాల ఫ్యాక్టరీ కోసం పెట్టిన వర్క్‌షాపు, ఫౌండ్రీ, ఆవిరి తెలిసిన మనుషులు పక్కనే ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యం, అంత దూరానికి కొత్త ఓడ తెచ్చుకోవడం కంటే ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే చవక. హల్‌లో ఉంటే కొత్త ఓడతో పోటీపడి ఓడిపోయేది.

హల్‌లో నిజంగా జరిగింది అదే. పక్కనే యార్క్‌షైర్ గనులు ఉన్నన్నాళ్ళు, బొగ్గు చవకగా ఉన్నన్నాళ్ళు ఆవిరి నడిచింది. రెండో యుద్ధం తర్వాత బొగ్గు ధర పెరిగింది, పార పట్టే మనుషులు తగ్గారు. ముందు బాయిలర్లను ఆయిల్‌కు మార్చారు, తర్వాత డీజిల్ వచ్చింది. బంకర్ల జాగా చేపకు మిగిలింది, ఫైర్‌మన్ జీతం మిగిలింది. ఆవిరి ఇంజన్లు చెడిపోయి పోలేదు, లెక్కలో ఓడిపోయాయి.

మన వైపు వచ్చాయా అంటే, వచ్చాయి. 1908–09లో ‘గోల్డెన్ క్రౌన్’ అనే ఆవిరి ట్రాలర్‌తో బంగాళాఖాతంలో ప్రభుత్వం సర్వే చేయించింది. 1920ల చివర మద్రాసు ఫిషరీస్ శాఖ ‘లేడీ గోషెన్’ అనే ట్రాలర్‌ను నడిపింది. అప్పటికి మన కోస్తా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా. రెండో యుద్ధంలో నౌకాదళం కోసం ట్రాలర్ నమూనా ఆవిరి ఓడలు కలకత్తా లాంటి చోట్ల కట్టారు కూడా. వ్యాపారంగా మాత్రం నిలవలేదు. నాకు తోచే కారణం, చేప దొరకడం ఒక్కటే చాలదు. గ్రిమ్స్‌బీలో రేవు పక్కనే ఐసు ఫ్యాక్టరీ, దాని పక్కనే రైలు, రైలు చివర లండన్ ఉన్నాయి. మన ఎండకు, ఐసూ రైలూ లేని రేవులకు టన్నుల కొద్దీ చేప తెచ్చి ఏం చేసుకుంటాం? మనకు ట్రాలింగ్ నిలదొక్కుకుంది ఐసు ప్లాంట్లు, రొయ్యల ఎగుమతి, చిన్న డీజిల్ బోట్లు వచ్చాకే.

మీ నాన్నగారి బోటును మాత్రం దీనితో పోల్చి బాధపడకండి. చెక్క ఒళ్ళు, ఉప్పునీటిలో పురుగు, వెచ్చటి సముద్రం, ఏడాదిలో వేట నిషేధం రోజులు తప్ప తీరిక లేని పని. పదిహేనేళ్ళు నడిచిందంటే చూసుకున్నవాళ్ళు బాగా చూసుకున్నట్టే.

చివరగా, ‘మళ్ళీ నడిపించొచ్చా’ అన్నారు. గ్రిట్వికెన్ 1960ల మధ్యలో మూతపడింది. డయాస్ 1974లో కట్టేసిన చోటే మునిగింది. 2004లో తేల్చి ఒడ్డుకు చేర్చారు. హల్‌లో కట్టిన ఇంజను ఇంకా లోపలే ఉంది, దాన్ని ఇంటికి తెచ్చుకోవాలని హల్‌వాళ్ళు చాలాకాలంగా ప్రయత్నిస్తున్నారు. నా లెక్కలో ఇంజనును ఓపికగా విప్పి శుభ్రం చేస్తే తిరుగుతుంది. ఆ బాయిలర్‌కు మాత్రం మంట వేయడానికి ఏ సర్వేయరూ సంతకం పెట్టడు, కొత్తది కట్టాలి. అడుగు రేకులూ చాలావరకు మార్చాలి. అంత మార్చాక అది వయోలా అవునా అని వాదించుకోవడం కంటే, పైన కప్పు వేసి, ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించడమే మేలనుకుంటాను. ఆవిరితో కదిలే చేపల ఓడనే చూడాలనుంటే, ఇంగ్లండులో గ్రేట్ యార్మత్‌వాళ్ళు కాపాడుకున్న ‘లిడియా ఈవా’ ఉంది. 1930లో కట్టినది. అది ట్రాలర్ కాదు, హెర్రింగ్ కోసం వల వేసి గాలివాటున తేలే డ్రిఫ్టర్. ఇంజన్ రూము మాత్రం పైన చెప్పినట్టే ఉంటుంది.